ఎదుటివాడి మాట రాయడం ఎలా?

ఒక పరిశోధక విద్యార్థి ‘కన్యాశుల్కం’ మీద తాను రాసిన వ్యాసం పంపి, దానితోపాటు ఒక ప్రశ్న కూడా పంపాడు. వ్యాసం సంగతి తర్వాత చెపుతాను. ముందు ప్రశ్న. రచనా పద్ధతులు బోధించే తరగతిలో వాళ్ళచేత ఒక అమెరికన్ పాఠ్యపుస్తకం చదివించారట. జెరాల్డ్ గ్రాఫ్, కేథీ బిర్కెన్‌స్టైన్ అనే ఇద్దరు అధ్యాపకులు కలిసి రాసిన ఆ పుస్తకం 2006లో మొదట అచ్చయింది. పేరు ‘దే సే, ఐ సే’. వాళ్ళు అంటున్నది, నేను అంటున్నది అని అర్థం. పండితులు రాసే వ్యాసం ఏదైనా అప్పటికే నడుస్తున్న ఒక సంభాషణలో చేరడమేననీ, కాబట్టి ఇతరులు ఏమంటున్నారో ముందు చెప్పి, ఆ తర్వాతే రాసేవాడు తన మాట చెప్పాలనీ ఆ పుస్తకం సారాంశం. ఇంతవరకు చెప్పి వూరుకుంటే పేచీ వుండేది కాదు. ‘ఫలానా విషయం గురించి సాధారణంగా ఇలా అనుకుంటారు, నేను మాత్రం ఇలా అంటాను’ అనే ధోరణిలో, మధ్యలో ఖాళీలు వదిలిన వాక్యాలు బోలెడు తయారుచేసి ఇచ్చారు. విద్యార్థి ఆ ఖాళీలు పూరించుకుంటూ పోవచ్చు. వాళ్ళు వాటిని టెంప్లేట్లు అంటారు. మనం మూసలందాం.

“మాస్టారూ, ఖాళీలు పూరించి రాసేది రచన ఎట్లా అవుతుంది? మూసకు వ్యతిరేకంగా కదా మీరంతా ఇన్నాళ్ళూ రాస్తూ వచ్చింది?” అని ఆ కుర్రవాడి ప్రశ్న.

దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. మూస వాక్యం మూస ఆలోచనను వెంటబెట్టుకు వస్తుందన్న భయానికి ఆధారముంది. మనది గైడు పుస్తకాల మీద పెరిగిన చదువు. ‘కవి కాలమాన పరిస్థితులు’ అని మొదలుపెట్టి ‘అనడంలో అతిశయోక్తి లేదు’ అని ముగించే జవాబులు పదో తరగతి నుంచి ఎం.ఏ. దాకా అందరమూ రాసినవాళ్ళమే. ఆ జవాబులో కవి పేరు మారిస్తే మరో కవికి సరిపోయేది. అంతేకాదు, ‘వాళ్ళు–నేను’ అనే మూసకు ఇంకో దోషం కూడా వుంది. ప్రతి విషయానికీ రెండు పక్షాలుంటాయనీ, రెండింటిలోనూ కొంచెం కొంచెం న్యాయముంటుందనీ, బుద్ధిమంతుడు నడిమధ్య నిలబడాలనీ అది మెల్లగా అలవాటు చెయ్యవచ్చు. భూస్వామికీ కౌలుదారుకూ తగాదా వస్తే ఇద్దరి మాటా విని, ఇద్దరికీ సర్దిచెప్పి, చివరికి పంట భూస్వామి గాదెకు చేర్చే పెద్దమనిషిని మనం ఎరుగుదుం. సాహిత్యంలో కూడా ఆయన వున్నాడు. ఈ ఆక్షేపణను ఇంతకన్నా బలంగా చెప్పగలిగినవారు చెప్పవచ్చు. నాకు చేతనైనంత ఇది.

అయినా నేను ఈ విషయంలో మూసల పక్షమే.

ఆటవెలదికి నాలుగు పాదాలు. శతకకర్త నాలుగో పాదాన్ని మకుటానికి ముందే రాసిచ్చేస్తాడు. ఇక మిగిలేది మూడు పాదాలు, వాటికి గణాలు, యతి. ఆ మూడు పాదాల్లోనే వేమన గుడినీ మడినీ గురువునీ కులాన్నీ కడిగిపెట్టాడు. మకుటం ఆయన నోరు నొక్కలేదు. పైపెచ్చు, చదువురాని రైతు కూడా పద్యాన్ని గుర్తుపట్టి పట్టుకోవడానికి అదొక పిడి అయింది.

పద్యం మాట వేరు, వచనం మాట వేరు అంటారా? గురజాడ 1914లో రాసిన అసమ్మతి పత్రం చూడండి. పరీక్షల్లో తెలుగు వ్యాసరచన ఏ భాషలో వుండాలన్న వివాదంలో మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో ఆయన సభ్యుడు. ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గారు. ఆయన తన అసమ్మతిని ఇంగ్లీషులో రాసి ఇచ్చాడు. అసమ్మతి పత్రమంటే శుద్ధ దఫ్తరపు మూస. అధిక సంఖ్యాకులు ఏమన్నారో చెప్పాలి, అందులో తనకు ఏది సమ్మతం కాదో చెప్పాలి, ఎందుకో చెప్పాలి. వర్ణనలకూ విలాపాలకూ చోటు లేదు. జీవితమంతా నాటకాలూ కథలూ గేయాలూ రాసినవాడు ఆ పొడి చట్రంలో కూర్చుని వ్యావహారికానికి అంతటి సమర్థన రాశాడు. ఎదుటివాళ్ళ నివేదిక బల్లమీద లేకపోతే ఆ పత్రం పుట్టేదే కాదు.

గిడుగు రామమూర్తి పద్ధతి మరీ విశేషం. ప్రత్యర్థులను ఆయన వాళ్ళ పుస్తకాలతోనే ఎదుర్కొన్నాడు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనలు తీసుకుని, వాళ్ళు ప్రమాణమని ఒప్పుకున్న వ్యాకరణం ప్రకారమే వాటిలో తప్పులు చూపించాడు. గ్రామ్యమని వాళ్ళు తోసేసిన రూపాలు ప్రాచీన గ్రంథాల్లోంచే ఏరి ముందుపెట్టాడు. తెలుగు భాష స్వేచ్ఛ గురించి నాలుగు ఆవేశపు మాటలు చెప్పి సభలో చప్పట్లు కొట్టించుకోవడం ఇంతకన్నా చాలా సులభం. ప్రత్యర్థి పుస్తకాన్ని ప్రత్యర్థికన్నా శ్రద్ధగా చదివితే గాని ఈ పని జరగదు. 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం. గ్రాంథికంలో అన్ని సంపుటాలు రాసిన మనిషి తన చివరి ఏడాదిలో ఇటువైపు వచ్చి కూర్చోవడం వెనుక ఈ రకం వాదానికి భాగం లేదని నేననుకోను.

నిజానికి ఈ మూసల కోసం మనం అమెరికా దాకా పోనక్కరలేదు. శాస్త్రగ్రంథాలు చదివిన పాతకాలపు పండితుణ్ణి అడిగితే, “ఇందులో కొత్తేముంది నాయనా, ఇది పూర్వపక్షం పెట్టడమేగా” అంటాడు. మీమాంసకుల అధికరణానికి అయిదు అంగాలు. విషయం, దాని మీద సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, ముందువెనుకలతో సంగతి. పూర్వపక్షం లేకుండా సిద్ధాంతం రాయడానికి ఆ చట్రంలో వీలే లేదు. ఇక వాక్యాల దగ్గరకు వస్తే, ‘నను’ అంటే ఆక్షేపణ మొదలైందని గుర్తు. ‘ఇతి చేత్, న’ అంటే ‘అలా అంటావా, కాదు’ అని. ‘స్యాదేతత్’ అంటే ‘ఇది ఇలా వుండవచ్చు’ అని కాసేపు ఒప్పుకోవడం. ‘అత్రోచ్యతే’ అంటే ‘దీనికి చెపుతున్నాం’ అని జవాబు మొదలు. ‘కేచిత్’, ‘అన్యే’, ‘అపరే’ అని వేరువేరు పక్షాలను వేరువేరుగా నిలబెట్టడం. ఎదుటివాడి మాట మీద మనకు ఏమాత్రం నమ్మకం లేకపోయినా, వాదం కోసం దాన్ని ఒప్పుకుని కూడా గెలవవచ్చునని చూపడానికి ‘తుష్యతు దుర్జనః’ అని ఒక న్యాయమే వుంది. దుర్జనుడు సంతోషించుగాక అని! ఇవన్నీ ఖాళీలు వదిలిన వాక్యాలు కావా? వెయ్యేళ్ళకు పైగా, ఒకరి సిద్ధాంతం ఇంకొకరికి పడని పండితులందరూ ఈ మాటలతోనే పోట్లాడుకున్నారు. మూస ఒకటే. అందులోంచి అద్వైతమూ వచ్చింది, దాని ఖండనా వచ్చింది.

తొమ్మిదో శతాబ్దిలో ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ మొదటి కారికలోనే తన ప్రత్యర్థులను పిలిచి కూర్చోబెట్టాడు. ధ్వని అనేదే లేదనేవాళ్ళు, వున్నా అది లక్షణలోనే చేరిపోతుందనేవాళ్ళు, వుంది గాని మాటల్లో చెప్పడానికి వీల్లేదనేవాళ్ళు. తన మాట పూర్తిగా చెప్పకముందే ఈ ముగ్గురినీ చెప్పేశాడు.

ఇంతకన్నా గుర్తుంచుకోవలసినది అభినవగుప్తుడి సంగతి. రసం గురించి భట్టలోల్లటుడు ఏమన్నాడు, శంకుకుడు ఏమన్నాడు, భట్టనాయకుడు ఏమన్నాడు అని ఎం.ఏ. తెలుగు పరీక్ష రాసిన ప్రతివాడూ వల్లెవేసినవాడే. ఉత్పత్తి, అనుమితి, భుక్తి అని గడగడా చెప్పెయ్యగలడు. కాని ఆ ముగ్గురి గ్రంథాలూ ఈనాడు మనకు లేవు. మరి వాళ్ళ వాదాలు మనదాకా ఎట్లా వచ్చాయి? ప్రధానంగా వాళ్ళతో విభేదించిన అభినవగుప్తుడు రాసిపెట్టాడు గనక వచ్చాయి. ఎంత బాగా రాసిపెట్టాడంటే, అభినవగుప్తుడితో ఏకీభవించకుండా శంకుకుడి వైపు వాదించదలచుకున్నవాడికి కూడా అభినవగుప్తుడే ఆధారం. తాను వాళ్ళ మతాలను దూషించలేదనీ, శోధించి శుభ్రం చేశాననీ ఆయన చెప్పుకున్నాడు. ఆ మాట ఆయన నోట అతిశయంగా వినిపించదు.

దీనికి ఎదురు కథ కూడా మన దేశంలోనే వుంది. చార్వాకుల మూలగ్రంథాలు కూడా పోయాయి. వాళ్ళ మాటలు కూడా ప్రత్యర్థుల పుస్తకాల్లోనే మిగిలాయి. 14వ శతాబ్దిలో మాధవాచార్యుడు ‘సర్వదర్శన సంగ్రహం’లో మొట్టమొదటి అధ్యాయం చార్వాకానికి ఇచ్చాడు గాని, ఇచ్చింది మెట్టు కింద మెట్టుగా. మామూలు జనం దాకా వచ్చేసరికి ఆ దర్శనమంతా అప్పుచేసి నెయ్యి తాగమనే ఒక్క వెక్కిరింతగా మిగిలింది. ప్రమాణాల గురించి, చైతన్యం గురించి వాళ్ళు లేవనెత్తిన ప్రశ్నలు వెనక్కుపోయాయి. దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ 1959లో ‘లోకాయత’ ప్రకటించినప్పుడు, శత్రువుల పుస్తకాల్లో చెల్లాచెదరుగా పడివున్న తునకలను ఏరుకుని అతికించవలసి వచ్చింది. పూర్వపక్షం సరిగా రాయడం మర్యాదకు సంబంధించిన విషయమని ఎవరైనా అనుకుంటే, ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకచోట ఓడినవాళ్ళు బతికారు. ఇంకోచోట జనం పక్షాన నిలవగలిగిన ఒక భౌతికవాదాన్ని వక్రీకరించిన సారాంశమే పాతిపెట్టింది.

ఇక మన సంగతి. మన సిద్ధాంత వ్యాసాల్లో మూస లేక కాదు. ఉన్న మూసలో ఎదుటివాడికి గది లేదు. కవి జీవితం, కాలం, కృతులు, వస్తువు, శిల్పం, ముగింపు. ఈ ఆరు గదుల ఇంట్లో ఎక్కడా తగాదా జరగదు. ఇతరుల మాటలు వుంటాయి, లేకపోలేదు. ‘అని ఫలానా వారు అభిప్రాయపడ్డారు’, ‘అని మరొకరు పేర్కొన్నారు’, ‘అని ఇంకొకరు ప్రశంసించారు’ అంటూ పూసలు గుచ్చినట్టు వరసగా వస్తాయి. మొదటివారి అభిప్రాయానికీ రెండోవారి అభిప్రాయానికీ చుక్కెదురని రాసినవాడు గమనించడు. గమనించినా ఎత్తి చూపడు. పరీక్షకుల జాబితాలో ఎవరుంటారో అన్న భయం కూడా వుండవచ్చు. ఆ భయం కల్పితం కాదని నాకు తెలుసు. ఉద్యోగం రావలసిన కుర్రవాణ్ణి ధైర్యం లేదని తిట్టడం సులభమే. అయినా అభిప్రాయాలను పేర్చడం వాదం కాదు. ఇద్దరు పెద్దలు ఒకే కథ గురించి రెండు రకాలుగా చెప్పారంటే, పరిశోధన మొదలుకావలసింది సరిగ్గా అక్కడ.

అభ్యుదయ శిబిరంలో వున్నవాళ్ళం మనం దీన్ని చూసి నవ్వుకోవడానికి లేదు. మన మూస వేరే. మనం పేరు పెడతాం. రూపవాది, వ్యక్తివాది, తిరోగామి, పెటీబూర్జువా, రివిజనిస్టు. ఈ మాటలకు అర్థం లేదని నేననడం లేదు. ప్రతిదానికీ కచ్చితమైన అర్థముంది, అందుకే అవి పనిముట్లు. కాని రోగనిర్ణయం చెయ్యకుండా రోగం పేరు చీటీ మీద రాసి ఇచ్చే వైద్యుణ్ణి ఏమంటాం? ఒక రచయిత ఏ వాక్యంలో ఏమన్నాడో చూపి, దాని పర్యవసానం ఏమిటో నిరూపించి, ఆ తర్వాత పేరు పెడితే అది విమర్శ. పేరుతో మొదలుపెట్టి పేరుతోనే ముగిస్తే, చదివినవాడికి ఆ రచయిత ఏ పక్షమో తెలుస్తుంది గాని ఏమన్నాడో తెలియదు.

ఇలా రాసిన పాపం నాకూ వుంది. చాలా ఏళ్ళ కిందట ఒక పెద్ద విమర్శకుణ్ణి, ఆయన పుస్తకం చదవకుండా, ఆయన్ని ఖండించిన మరొకరి వ్యాసం మాత్రం చదివి, ఖండించాను. ఒక వాక్యం కూడా ఎత్తి చూపాను, రూపవాదమని తేల్చాను. పది రోజులకు ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మీరు ఉదహరించిన వాక్యం నా పుస్తకంలో వున్నమాట నిజమే, అది నేను ఖండించడానికి పెట్టుకున్న పూర్వపక్షం, తరవాతి పేజీ కూడా చూడగలరు అని మూడే మూడు ముక్కలు. తరవాతి పేజీ చూశాను. నేను రాసినదానికన్నా గట్టి ఖండన అక్కడుంది.

మార్క్స్ ఈ విషయంలో మనకు ఎట్లాంటి ఒరవడి పెట్టాడో మర్చిపోతుంటాం. ఆయన నోటు పుస్తకాలు ఇతరుల పుస్తకాల నుంచి రాసుకున్న భాగాలతో నిండిపోయి వుంటాయి. ‘అదనపు విలువ సిద్ధాంతాలు’ అనే ఆ బృహద్గ్రంథం చాలావరకు ఆడం స్మిత్, రికార్డో మొదలైనవాళ్ళు ఏమన్నారో, ఎక్కడ తడబడ్డారో చూపడమే. రికార్డోనూ, పెట్టుబడిదారులకు వకాల్తా పుచ్చుకున్న చిల్లర అర్థశాస్త్రజ్ఞులనూ ఆయన ఒక గాటన కట్టెయ్యలేదు. 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శించినప్పుడు ముసాయిదాలోని వాక్యాన్ని ముందు ఎత్తి రాసి, తర్వాత దాని సంగతి చెప్పాడు. ఎంగెల్స్ 1878లో పుస్తకంగా వేసిన ‘యాంటీ డ్యూరింగ్’లో డ్యూరింగ్ మాటలు ఎంత విరివిగా వుంటాయంటే, ఈనాడు డ్యూరింగ్ ఏమన్నాడో ఎవరికైనా తెలిసిందంటే ఆ పుస్తకం వల్లనే. గ్రాంసీ జైలు రాతల్లో ఒక మాట వుంది. యుద్ధరంగంలో శత్రువు బలహీనంగా వున్నచోట కొట్టడం తెలివైనదే కావచ్చు, భావాల రంగంలో మాత్రం అది పనికిరాదు, అక్కడ ప్రత్యర్థుల్లో అందరికన్నా గట్టివాణ్ణి ఎదుర్కోవాలి, చిల్లరవాళ్ళను ఓడించి ప్రయోజనం లేదు అని. ఆ మాట ఆయన శత్రువుల గురించి అనలేదు. సాటి మార్క్సిస్టు అయిన బుఖారిన్ రాసిన పాఠ్యగ్రంథాన్ని విమర్శిస్తూ అన్నాడు.

ఇందాకటి ఆక్షేపణలో నడిమధ్య నిలబడే పెద్దమనిషి వున్నాడు కదా, ఆయనకు జవాబు అంబేడ్కర్‌లో దొరుకుతుంది. లాహోర్ సభ రద్దు కావడంతో ఆయన ‘కులనిర్మూలన’ ప్రసంగాన్ని 1936లో తానే అచ్చువేశాడు. గాంధీ ‘హరిజన్’ పత్రికలో దాన్ని విమర్శించాడు. 1937లో రెండో ముద్రణ వేసినప్పుడు అంబేడ్కర్ గాంధీ విమర్శను కూడా పుస్తకంలో చేర్చి, దాని పక్కనే తన సమాధానం వేశాడు. ఆ సమాధానం చదివినవాళ్ళెవరూ ఆయన మధ్యేమార్గం పట్టాడని అనలేరు. ప్రత్యర్థి మాట పూర్తిగా వినిపించినంత మాత్రాన తన మాటలో ఒక్క వీసం తగ్గించుకోనక్కరలేదని ఆ పుస్తకమే రుజువు. ఎదుటివాడి మాట రాయడం వేరు, అతనికి వాటా ఇవ్వడం వేరు.

ఇప్పుడు ఆ విద్యార్థి వ్యాసం దగ్గరకు వస్తాను. అతని ప్రతిపాదన మంచిదే. ‘కన్యాశుల్కం’ కేవలం సంస్కరణ ప్రచార నాటకం కాదు, సంస్కరణోద్యమం పరిమితులను కూడా చూపిన నాటకం అని. దాన్ని అతను ఇలా మొదలుపెట్టాడు: ‘కొందరు విమర్శకులు కన్యాశుల్కాన్ని సంస్కరణ నాటకంగా పేర్కొన్నారు. ఇది సమంజసం కాదు.’ తర్వాత పన్నెండు పేజీలు తన మాటే.

ఎవరా కొందరు? ఎందుకలా అన్నారు? సమంజసం కాకపోతే అంతమంది ఎందుకు నమ్మారు? పాఠకుడికి ఇవేవీ తెలియవు కాబట్టి ఆ పన్నెండు పేజీలు ఎవరికి జవాబో కూడా తెలియదు. అదే చోట ఇలా రాసివుంటే ఎలా వుండేదో చూడండి:

‘కన్యాశుల్కం సంస్కరణ కోసం రాసిన నాటకమనే అభిప్రాయానికి గట్టి ఆధారం గురజాడే ఇచ్చాడు. 1897 నాటి మొదటి కూర్పు పీఠికలో, విజయనగరం మహారాజా చేయించిన లెక్కల్లో మూడేళ్ళలో ఇలాంటి పెళ్ళిళ్ళు 1,034 నమోదైనట్టు చెప్పాడు. కథ కూడా లుబ్ధావధాన్లు పెళ్ళి చుట్టూనే తిరుగుతుంది. ఈ సాక్ష్యాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. కాని ఈ అభిప్రాయం ఒక ప్రశ్నను దాటవేస్తుంది. వితంతు వివాహం గురించీ వేశ్యావ్యతిరేక వుద్యమం గురించీ నాటకంలో అందరికన్నా ఎక్కువగా ఉపన్యసించేవాడు గిరీశం ఎందుకయ్యాడు? గిరీశం కపట సంస్కర్త మాత్రమే, నిజమైన సంస్కర్త సౌజన్యారావు పంతులు వున్నాడు కదా అనవచ్చు. వున్నాడు. అయితే ఆయన వేశ్యల పొడ గిట్టని మనిషి. ఆయన పట్టుకున్న కేసు గట్టెక్కించే రహస్యం చెప్పింది, మగవేషంలో ఆయన ఇంటికి వచ్చిన మధురవాణి. ఆయన ఆదర్శం ఏ మనిషిని గడప తొక్కనివ్వదో ఆ మనిషి వల్లనే న్యాయం జరిగింది. దీన్ని సంస్కరణ నాటకమన్న మాటతో ఎలా సరిపెడతాం?’

ఇందులో అయిదు మూసలున్నాయి. ‘ఈ అభిప్రాయానికి ఆధారం ఇది’, ‘ఇంతవరకు ఒప్పుకుంటాను’, ‘కాని ఇది ఒక ప్రశ్నను దాటవేస్తుంది’, ‘నన్ను ఇలా అడగవచ్చు’, ‘దానికి నా జవాబు’. వీటిని తీసుకెళ్ళి చాసో కథ మీద వ్యాసంలో పెట్టినా నిలుస్తాయి. నిలవనివి వాటి మధ్య వున్న సంగతులు. 1,034 పెళ్ళిళ్ళూ, మగవేషమూ నాటకం చదివినవాడే తేవాలి. గైడు పుస్తకపు మూసకూ దీనికీ తేడా ఇదే. అది సంగతి లేకపోయినా పేజీ నింపుతుంది. ఇది సంగతి లేకపోతే ఖాళీ ఖాళీగానే వుండి, రాసినవాణ్ణి అల్లరిపెడుతుంది. ‘నన్ను ఇలా అడగవచ్చు’ అని రాసి ముందుకు సాగక కూర్చున్నవాడికి, తన వాదానికి వచ్చే ఆక్షేపణ గురించి తాను ఇంతవరకు ఆలోచించనేలేదని తెలుస్తుంది. నా దృష్టిలో ఆ మూస ఇచ్చే పెద్ద లాభం అదే. దాంతో వ్యాసం బాగుపడడం తర్వాత సంగతి.

ఇందులో కూడా దొంగతనాలున్నాయి. న్యాయశాస్త్రం వాదాన్నీ, జల్పాన్నీ, వితండాన్నీ విడదీసింది. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ పక్షమే లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడానికి చేసేది వితండం. పత్రికల్లో నడిచే చర్చలు వీటిలో ఏ కోవలోకి వస్తాయో పాఠకులే నిర్ణయించుకోవచ్చు. గెలవడానికి వాడే ఉపాయాల్లో ఛలం ఒకటి. ‘ఇతను నవకంబలుడు’ అని ఒకడంటాడు, కొత్త కంబళి కప్పుకున్నవాడని. ‘నవ’ అంటే తొమ్మిది కూడా కదా. “తొమ్మిది కంబళ్ళెక్కడివి, వున్నది ఒకటేగా!” అని రెండోవాడు ఎగురుతాడు. ఎదుటివాడి మాటకు అతను ఉద్దేశించని అర్థం అంటగట్టి, దాన్ని ఖండించి, మీసం దువ్వుకోవడం. రచయిత ‘మానవత్వం’ అన్నాడు గనక వర్గాలు లేవన్నాడని తీర్మానించే విమర్శలు నేను చదివాను. అవి తొమ్మిది కంబళ్ళ విమర్శలు. దీనికి విరుగుడుగా నేను వాడేది ఒకటే. ఎదుటివాడి మాటను నా మాటల్లో చెప్పిన పేరా ఆ మనిషికే చదివి వినిపిస్తే, ‘అవును, నేనన్నది ఇదే’ అంటాడా? అనడనుకుంటే తిరగరాయాలి. బతికివున్నవారైతే నిజంగానే పంపి అడగవచ్చు. నేను ఇద్దరు ముగ్గురికి పంపాను. ఒకరు సరే అన్నారు, ఒకరు కోప్పడ్డారు గాని సరిదిద్దారు.

మరొక దొంగతనం, ఎవరి మాట పూర్వపక్షంగా పెట్టడానికి అర్హమని మనం ముందే తేల్చుకోవడం. ‘నీలిమేఘాలు’ 1993లోనూ, ‘చిక్కనవుతున్న పాట’ 1995లోనూ వచ్చాయి. స్త్రీవాదం, దళితవాదం మీద అప్పుడు మన పత్రికల్లో కూడా చర్చలు జరిగాయి. వర్గపోరాటాన్ని చీలుస్తారనే మాట చాలామంది అన్నారు, నేనూ అన్నాను. ఆ మాటలో వున్న ఆందోళన నిజమైనదే. కాని నేను రాసినది ఇప్పుడు తిరగేస్తే, అందులో ఆ సంకలనాల్లోని కవితల ప్రస్తావన ఒక్కటి లేదు, ఒక్క కవయిత్రి చెప్పిన కారణం లేదు. ‘వీరు’, ‘ఈ ధోరణి’ అని వుంది. శంకుకుడికి అభినవగుప్తుడు ఇచ్చినపాటి చోటు, మన పక్కింటి మనిషికి నేనివ్వలేదు.

విద్యార్థికి ఇవన్నీ రాసి పంపాను. మూసలు బట్టీ పట్టవద్దనీ, మొదట రెండు మూడు వ్యాసాలకు ఊతకర్రలా పట్టుకుని, నడక వచ్చాక తన సొంత వాక్యాల్లోకి మార్చుకొమ్మనీ చెప్పాను. నెల తర్వాత తిరగరాసిన వ్యాసం వచ్చింది. పీఠిక సంగతి చేర్చాడు. ఇద్దరు విమర్శకుల పేర్లు, వాళ్ళ వాక్యాలు, పేజీ నంబర్లతో సహా ఇచ్చాడు. మధురవాణి గురించి నా వాదాన్ని మాత్రం ఒప్పుకోలేదు. మధురవాణి చేత రహస్యం చెప్పించడం కూడా సంస్కరణలో భాగమేనంటూ, నా పేరు పెట్టి, నా ఉత్తరంలోని మాటలు ఎత్తి రాసి, రెండు పేజీలు ఖండించాడు. నా మాటలు సరిగానే రాశాడు. తొమ్మిదో పేజీలో ఒక ‘కొందరు’ ఇంకా మిగిలింది. దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, ‘ఎవరు?’ అని రాసి తిరిగి పంపాను.